విని రాసే ఉద్యోగం

పదో తరగతి, ఆపైన టైపు లోయరు పాసై రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం మనుషుల మాటలు వినడం. ఇలా చెబితే ఎవరూ నమ్మరు. ఎనభైల మొదట్లో సంగతి ఇది. మాది నంద్యాల. మా నాయన మిషన్ బడిలో టీచరు. ఆయనకు తెలిసిన ఒక పత్తి విత్తనాల వ్యాపారి, నలుగురిలో కలిసిపోయే ఆడపిల్ల ఒకరు కావాలని అడిగితే నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

వ్యాపారి యాభై దాటిన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించి, పని చెప్పాడు.

"రైతులు నా ముందర ఒక మాట చెప్తారమ్మా. నేను జీపెక్కినాక ఇంకో మాట చెప్పుకుంటారు. ఆ రెండో మాట నాకు గావాల. ఎవరన్నారో నాకొద్దు. ఏమంటాండారో అది తెలిస్తే సాలు."

ఒక నల్ల అట్ట డైరీ ఇచ్చాడు. తేదీ, ఊరు, విన్న మాట, ఆ మాట ఎన్ని చోట్ల వినబడింది. ఇవీ అందులో గళ్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా తిరగాలి, శనివారం వచ్చి చదివి వినిపించాలి. ఆయన కోసం రైతులు విత్తనాలు పండించే చేలన్నీ ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఉండేవి. అక్కడ మా మేనత్త ఇల్లు ఉంది కాబట్టి నాయన భయపడలేదు.

నేను ఆ పనిలో తొందరగానే ఆరితేరాను. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా పోయే పొద్దుటి బస్సులో ముందు సీట్లు, ఎరువుల అంగడి ముందు నీడ, ఆస్పత్రి వరండా, వీధి కొళాయి, ఇవే నా చోట్లు. సంచిలో ఉక్సులు కుట్టాల్సిన రవికలు రెండు మూడు పెట్టుకునేదాన్ని. ఏమీ చేయకుండా కూర్చున్న మనిషిని అందరూ చూస్తారు. తల వంచి సూది ఆడిస్తున్న ఆడదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏదీ అడగకూడదని కూడా నేర్చుకున్నాను. అడిగితే మాట అక్కడే మారిపోతుంది. సోమవారం శిరివెళ్లలో పుట్టిన మాట గురువారానికల్లా చాగలమర్రి చేరేది, దారిలో కొంచెం లావెక్కేది. దాని వెంట పోవడం నాకు సరదాగా ఉండేది. ఆ సరదా సంగతి దాచుకోవడంలో అర్థం లేదు.

మొదట్లో దానివల్ల మంచే జరిగింది. ఉయ్యాలవాడ పక్క విత్తనం మొలవలేదని రైతులు అనుకుంటున్నట్టు రాశాను. వాళ్లు వచ్చి అడగకముందే వ్యాపారి మనుషులు వెళ్లి కొత్త సంచులు ఇచ్చి వచ్చారు. చేలల్లో పనిచేసే ఆడవాళ్లకు తాగడానికి నీళ్లు లేవని రాస్తే మరుసటి వారం కడవలు వచ్చాయి. "మన నోట్లో మాట ఈ కంపినీవోళ్లకు ఎట్ల తెలుస్తాదో!" అని వాళ్లు నా పక్కనే ఆశ్చర్యపోయారు. నేను రవిక మీదికి ఇంకొంచెం వంగి నవ్వుకున్నాను.

రెండో ఏడు క్రాసింగు కాలం వచ్చింది. మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి కాడలు తీసేసి, కాగితం తొడుగుతారు. తెల్లవారాక మగపువ్వు తెచ్చి దానికి అద్దుతారు. అంతా ఆడవాళ్ల పని. ఒక్క రోజు ఆగితే ఆ రోజు పువ్వు పోయినట్టే. ఆళ్లగడ్డలో, ఆదివారాలు మేనత్తతో నేను వెళ్లే చర్చికి వచ్చే పేటలోంచి ఇరవై మందికి పైగా ఆ పనికి వెళ్లేవాళ్లు. వాళ్లను కూడగట్టి తీసుకుపోయే ఆమెను అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు. నలభై ఏళ్ల మనిషి. ఆదివారం చర్చిలో పాట ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. నన్ను 'పాపా' అని పిలిచేది. నేను కంపెనీ తరఫున తొడిగిన మొగ్గలు చూసుకునే పిల్లనని వాళ్లకు చెప్పారు. వాళ్లూ అదే నమ్మారు.

ఆ ఏడు పచ్చపురుగు ఎక్కువైంది. సాయంత్రం మందు కొట్టేవాళ్లు, తెల్లారేసరికి ఆ తడి ఆకుల్లోకే ఆడవాళ్లు దిగేవాళ్లు. చేతులు మండుతున్నాయని, తల తిరుగుతున్నదని చెప్పుకునేవాళ్లు. ఒక పొద్దున ఐదో నెల గర్భిణి సాలు మధ్యలోనే కూలబడి వాంతి చేసుకుంది. బండి కట్టించి ఆస్పత్రికి పంపారు. కడుపు నిలవలేదు. మందు వల్ల అని డాక్టరు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

మూడో రోజు గట్టు మీద అన్నాలు తింటూ మేస్త్రమ్మ అన్నది.

"మందు కొట్టినాక రెండు దినాలు ఎవురూ చేన్లోకి దిగొద్దు. ఇంగ దిగం అని చెప్పేస్తాం."

"పూత పోతాదని అరుస్తారు గదా?" అన్నది ఆమె పక్కన కూర్చున్న పొడుగామె.

"అరవనీ. పూత పోతే మళ్లా వస్తాది. పోయిన బిడ్డ వస్తాదా? అందరం ఒక మాట మింద ఉంటే ఏం జేస్తారు?"

ఒక్కొక్కరే తల ఊపారు. నేనూ ఊపాను. సాయంత్రం మేనత్త ఇంట్లో ఆ మాట డైరీలో ఎక్కించాను. వారం తిరిగేలోగా ఇంకో మూడు ఊళ్ల చేలల్లో అదే మాట విన్నాను. ఆ గడిలో నాలుగు అని రాశాను.

శనివారం చదివి వినిపిస్తుంటే వ్యాపారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాలుగు చోట్లా ఒగటే మాటనా?"

"ఒకటే సార్."

"మొదట ఎవరన్నారు?"

ఆ ప్రశ్న ఆయన అంతకుముందు ఎన్నడూ అడగలేదు. కోపంగా అడగలేదు. ఎంత బాగా పట్టుకున్నావో అని మెచ్చుకుంటున్నట్టే అడిగాడు. తెలియదు సార్ అని ఉంటే సరిపోయేది, నమ్మేవాడు. కడవలు పంపినట్టే ఆమెను పిలిపించి మాట్లాడతాడనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతవరకే నిజం. నాకు తెలుసు అని చూపించుకోవాలనే ఆశ కూడా ఉంది.

"మేస్త్రమ్మ సార్," అన్నాను.

ఆయన తల ఊపి, మిగతాది చదవమన్నాడు.

సోమవారం పొద్దున ట్రాక్టరు పేటలోకి వచ్చింది. నేను అప్పటికే ట్రాలీలో కూర్చుని ఉన్నాను. ఆడవాళ్లు ఎక్కుతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి మేస్త్రమ్మతో అన్నాడు.

"నువ్వు ఎక్కొద్దుక్కా. నిన్ను ఎక్కించుకోవద్దన్నారు."

"ఎవురప్పా అన్నది?"

"నాకు తెల్దు. చెప్పమన్నారు, చెప్తాండ. ఈ పక్క ఏ చేన్లోనూ నిన్ను పెట్టుకోరంట."

ఇద్దరు ఆడవాళ్లు కిందికి దిగారు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్రాక్టరు కదలకుండా గుర్రుమంటూ నిలబడింది. దిగిన ఇద్దరికీ ఇళ్లలో చిన్నపిల్లలు. మేస్త్రమ్మే వాళ్లను భుజం పట్టి మళ్లీ ఎక్కించింది. "పోండి. నాకోసరం మీరు పస్తుండొద్దు," అన్నది. నా వైపు కూడా చూసి, "పాపా, ఎండ ఎక్కువుంది, తలకు గుడ్డ కట్టుకో," అన్నది. నేను కట్టుకున్నాను.

ఆ రోజు మందు తడిలోనే అందరూ పనిచేశారు. మధ్యాహ్నం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మరునాడు పొడుగామెను మేస్త్రిని చేశారు. ఆమె అడగలేదు, వద్దనే ధైర్యమూ లేదు. కానీ అంతకు రెండు రోజుల ముందు ఆమె కొడుకు జ్వరం బిళ్లల కోసం చేను రైతు ఇంటికి వెళ్లిందని ఎవరికో గుర్తొచ్చింది. ఇంక అంతే. మేస్త్రమ్మ మాట మోసింది పొడుగామే అని తేలిపోయింది. గట్టు మీద ఆమె సద్ది విప్పితే పక్కనున్నవాళ్లు లేచి అవతలికి జరిగేవాళ్లు. కొళాయి దగ్గర ఆమె బిందెను వెనక్కి నెట్టేవాళ్లు. చర్చిలో ఆమె చాప చుట్టూ ఖాళీ జాగా మిగిలేది. ఆమె ఆ ఖాళీలో పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది.

నేను ఇదంతా చూశాను. చూసి, అలవాటు కొద్దీ రాశాను కూడా. ఆ తరువాతి వారం శనివారం నా నోటితోనే చదివాను: పొడుగామె చెప్పిందని అందరూ అనుకుంటున్నారు, అయిదు చోట్ల.

వ్యాపారి చిన్నగా నవ్వాడు. "మంచిదే. అట్లనే అనుకోనీలే. నీ పనికీ అడ్డం రాదు."

ఇంటికి వచ్చి నాయనకు ఏమీ చెప్పలేదు. కడుపునొప్పి అని పడుకున్నాను. పొద్దున్నే మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వెళ్లాను. చర్చిలో ఆరాధన అయిపోయాక మేస్త్రమ్మ వెనకాలే వాళ్లింటికి వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని జొన్నపిండి కలుపుతోంది.

"అక్కా, నీ మాట చెప్పింది నేను," అన్నాను.

ఆమె చేయి ఆగింది. "ఏందీ?"

మొత్తం చెప్పాను. డైరీ సంగతి, శనివారాల సంగతి, రవికల సంగతి. చెబుతూ ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. పిండి ముద్దను గిన్నెలోకి వదిలి చేయి కడుక్కుంది.

"నా పక్కన కూర్చోని నా కూడు తిన్యావే," అన్నది.

"తప్పు చేసినానక్కా."

"నాకెందుకు చెప్తాండావ్? నా పని యాడన్నా చూసుకుంటా. ఆ పొడుగుదాని మింద ఊరంతా ఉమ్మేస్తాండారు. నేను గూడా పది దినాల నుంచి దాని మొగం చూడల్యా. పో, ఆడ చెప్పు. అందరి ముందర చెప్పు. గుసగుసగా గాదు."

వారం రోజులు నేను చేలకు పోలేదు, జ్వరమని కబురు పంపాను. నిజంగానే జ్వరం వచ్చింది. మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక ఆడవాళ్లు చెప్పులు వేసుకుంటుంటే మెట్ల దగ్గర నిలబడి, ఆగమన్నాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. గట్టిగా చెప్పమని వెనకనుంచి ఎవరో అరిచినట్టు మాత్రం గుర్తుంది. పొడుగామె ఏ మాటా మోయలేదని, మోసింది నేనని, అందుకు నాకు జీతం ఇస్తారని చెప్పాను. ఒక ముసలామె నా కాళ్ల ముందు ఉమ్మింది. ఇంకొకామె, "కడవల నీళ్లు గూడా నువ్వేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె ఏమనాలో తెలియనట్టు కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

పొడుగామె ముందుకు వచ్చింది. కొడతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పాపా, నా పిల్లోడు అడుగుతాండాడు, అమ్మా మనతో ఎవురూ ఎందుకు మాట్లాడరు అని. వానికి ఏమని చెప్పల్ల?"

మేస్త్రమ్మ ఆమె చేయి పట్టుకుని తీసుకుపోయింది. నలుగురు వాళ్ల వెనక నడిచారు. మిగతావాళ్లు ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. వాళ్లు మాట్లాడుకునే మాటలు నాకు వినబడుతున్నాయి. చెవులు మూసుకోవాలనిపించింది.

సోమవారం నాయనను వెంటబెట్టుకునే వెళ్లి పని మానేశాను. దారిలోనే ఆయనకు అంతా చెప్పాను. బడి గోడ పక్కన నిలబడిపోయి, "నేనే గదమ్మా నిన్ను తీసకపోయింది," అన్నాడు. ఆ మాట తరువాత ఈ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వ్యాపారి డైరీ తీసుకుని, "ఏం నష్టం జరిగిందని ఇదంతా?" అని నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. నేను చెప్పడానికి ప్రయత్నించాను. ఆయన మధ్యలో గోడ గడియారం చూశాడు.

మేస్త్రమ్మను ఆ పక్క ఎవరూ మళ్లీ పనిలో పెట్టుకోలేదు. నేను చేసిన ఒప్పుకోలు దానికి పనికిరాలేదు. ఆమె సంసారం ఎత్తుకుని అవుకు దిక్కు చెల్లెలి ఊరికి పోయిందని మేనత్త చెప్పింది. మందు కొట్టాక ఒక రోజు ఆగడం కొన్నేళ్లకు కొన్ని చేలల్లో మొదలైంది. ఒక రైతు సొంత కోడలికే ఒళ్లు పాడైనందువల్ల అని విన్నాను. ఆ మాట మొదట ఎవరన్నారో అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

నేను టీచరు ట్రైనింగు చేసి నంద్యాలలోనే ఒక చిన్న బడిలో చేరాను. తొంభైల మొదట్లో ఒక జూన్ పొద్దున కూతురిని చేర్పించడానికి ఒక ఆడమనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. తల నెరిసినా ఆ పొడుగు చూసి గుర్తుపట్టాను. ఆమె కూడా పట్టింది. వెనక్కి పోలేదు. పిల్ల పేరు, పుట్టిన రోజు చెప్పింది. నేను రాసుకున్నాను. పెద్దవాడు లారీ మీద క్లీనరుగా పోతున్నాడని, అందుకే నంద్యాలకు వచ్చి ఉంటున్నామని, నేను అడక్కుండానే చెప్పింది.

కాగితం పూర్తయ్యాక ఉండబట్టలేక అడిగాను. "మేస్త్రమ్మ ఎట్లుంది? ఏమన్నా నా గురించి అంటాదా?"

ఆమె పిల్ల జడ సరిచేసింది.

"ఆయమ్మ ఏమంటాదో ఆయమ్మనే అడుగు టీచరమ్మా. అవుకుకు బస్సు ఉంది గదా," అన్నది.

పిల్లను నా పక్కన వదిలి, గేటు దాకా వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. పిల్లనే చూసుకుంది. నేను పిల్ల చేయి పట్టుకుని ఒకటో తరగతి గదిలోకి తీసుకుపోయాను. అవుకుకు ఆ ఏడు పోలేదు. మరుసటి ఏడూ పోలేదు.