ఏటిగట్టుకి ఘాట్ గేరు

నవ్వనంటేనే చెబుతాను. మొన్న ఆదివారం మా మేనకోడలి నిశ్చితార్థానికి నేను తీసుకెళ్ళాల్సిన పనసకాయలు టైముకి చేరాయి. నేనే చేరలేదు!

షుగరొచ్చిందని ఆమధ్య గేర్ల సైకిల్ కొన్నాను కదా. మాది ఆత్రేయపురం దగ్గర, ఏటిగట్టు దిగువన. ఊరంతా చదునే. ఎక్కాల్సిన ఎత్తంటూ ఉంటే ఒక్కటే, మా ఇంటి ముందు నుంచి గట్టు మీదకి వెళ్ళే ర్యాంపు. ఓ రోజు కొబ్బరికాయల బస్తాతో సగం దాకా వెళ్ళి, ఇక తొక్కలేక దిగి తోస్తుంటే మా బావ చూశాడు. చెల్లెలి మొగుడు లెండి. "ఏంటి బావగారూ, సైకిల్ని వాకింగ్‌కి తీసుకెళ్తున్నారా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు!

మర్నాడే రాజమండ్రిలో సైకిల్ షాపుకి వెళ్ళాను. బరువుతో ఎత్తెక్కాలంటే పెడల్ దగ్గర పళ్ళచక్రం చిన్నది, వెనక పళ్ళచక్రం పెద్దది ఉండాలట. "మీ దగ్గర ఎంత పెద్దదుంటే అంత పెద్దది వేసెయ్యండి" అన్నాను. షాపాయన టిఫిన్ ప్లేటంత చక్రం బిగించి, "మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్ళు వేయించుకునేదండీ ఇది. గోడెక్కొచ్చు!" అన్నాడు. పొంగిపోయాను. "ఉన్న ఒక్క గట్టుకి అంత గేరెందుకండీ?" అంది మా ఆవిడ. వింటేగా!

నిశ్చితార్థం ధవళేశ్వరంలో, చెల్లెలి ఇంట్లో. మగపెళ్ళివారికి పనసపొట్టు కూర లేకుండా భోజనం పెడితే ఇంకేమైనా ఉందా! కాయలు మా పెరటివే. "అన్నయ్యా, వంటాయన పొద్దున్నే పొట్టు కొట్టడం మొదలెట్టాలి. ఆటోలో పంపించెయ్" అంది చెల్లెలు ఫోన్లో. "ఆటో ఎందుకే! మేనమామని నేనున్నానుగా, స్వయంగా తెస్తాను" అన్నాను.

తెల్లారగానే కాయల బస్తా వెనక క్యారేజీకి కట్టాను. తీరా చూస్తే గట్టు మీద స్కూటర్ ఆపుకుని బావ! "నమ్మకం లేక వచ్చానండీ" అన్నాడు. సరే, చూడు మరి అని అన్నిటికన్నా తేలిక గేరు వేసి మొదలెట్టాను.

ఆహా! ఏం గేరండీ అది! అసలు బరువే తెలియలేదు. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, పైకి పోతోంది. ఇంకొంచెం ఉందనగా, బావ కళ్ళెదుట దర్జాగా ఎక్కుదామని గట్టిగా ఓ తొక్కు తొక్కాను.

ముందు చక్రం గాల్లోకి లేచింది! వెనకేమో బస్తా బరువు, ఎదురుగా ఎత్తు, పైగా గోడెక్కే గేరు. రోడ్డుండాల్సిన చోట ఆకాశం కనిపించింది. మరుక్షణం నేను వెల్లకిలా పనసకాయల మీద. ఆ ముళ్ళ సంగతి నన్నడక్కండి. బస్తా మూతి ఊడిపోయి కాయలు దొర్లుకుంటూ పోయి మా గేటుకే తగిలాయి. మా ఆవిడ గేటు తీసి, "కాయలొచ్చేశాయి, మీరెక్కడండీ?" అని కేకేసింది.

సిగ్గుతో చచ్చాననుకోండి. బావ మాత్రం చకచకా కాయలు ఏరి స్కూటర్‌కెత్తి, "మీరూ ఎక్కండి బావగారూ, టైమైపోతోంది" అన్నాడు. "నువ్వు పద. నేను సైకిల్ మీదే వస్తా" అన్నాను. పరువు!

ఒళ్ళంతా పనస జిగురు. కొబ్బరినూనె రాసి రుద్ది, తలంటుకుని, బట్టలు మార్చుకుని, సైకిల్ని గట్టు మీదకి తోసుకెళ్ళి ఎక్కానా... పడ్డ దెబ్బకి గేరు మార్చేది వంగిపోయింది! చైను ఆ పెద్ద చక్రం మీదే ఇరుక్కుంది. కాళ్ళేమో గిరగిరా తిరుగుతున్నాయి, సైకిలేమో నత్తనడక. చేపల గంప నెత్తిన పెట్టుకున్న ఒకావిడ నన్ను దాటిపోతూ, "ఏం బాబూ, సైకిల్ తొక్కుతున్నారా, మిషన్ కుడుతున్నారా?" అంది. వెనక్కి తిరుగుదామంటే, మా ఆవిడకి ఏం చెప్పను?

మొత్తానికి ధవళేశ్వరం చేరేసరికి మగపెళ్ళివారు కిళ్ళీలు నములుతున్నారు. నాకు ఆకు వేశారు. కూర్చున్నా కాళ్ళింకా తిరుగుతున్నట్టే ఉంది. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, ఆవకాయ వచ్చింది.

"పనసపొట్టేదే?" అన్నాను.

"అయిపోయిందన్నయ్యా! ఎంత బాగుందో, వియ్యపురాలు అడిగి మరీ వేయించుకున్నారు" అంది చెల్లెలు మురిసిపోతూ. దాని మొహం చూసి నాకూ సంతోషమేసింది. కానీ ఆకలి ఊరుకుంటుందా?

"నాక్కొంచెం ఉంచాలని ఒక్కళ్ళకీ తోచలేదా?"

బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఉంచకపోవడమేంటి బావగారూ! ప్రత్యేకంగా ఓ గిన్నె తీసి దాచాను. అయితే మీ గేరు సంగతి తెలిసినవాణ్ణి కదా... మీరొచ్చేలోగా పాసిపోతుందని నేనే తినేశాను."