లిఫ్టు ముందు ఎర్రనీళ్లు

మా ఆడపడుచు ద్రాక్షారామం నుంచి మెల్‌బోర్న్ వచ్చి మా ఇంట్లో మూడు నెలలు ఉంది. నేనేం చెప్పబోయినా "నీకు తెలీదులే" అనేది. ఆ మాట నేను మరిచిపోను.

ఒకరోజు పాప పాలు తాగకుండా ఏడుస్తోంది. ఆవిడ పసుపునీళ్లలో సున్నం కలిపి, ఆ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, పళ్లెంతో బయటికి నడిచింది.

"వదినగారూ, ఇక్కడ పొయ్యకూడదండీ!"

"నీకు తెలీదులే."

లిఫ్టు ముందే పోసేసింది. పాప ఏడుపు విన్న పక్కింటావిడ అది నెత్తురనుకుని పోలీసులకు ఫోన్ చేసింది. కాసేపటికి ఇద్దరు పోలీసులు తలుపు కొట్టి, "బిడ్డ ఎక్కడ?" అన్నారు. పిల్లను తీసుకుపోతారేమోనని నాకు నోట ఇంగ్లీషు ముక్క రాలేదు. పాపను గట్టిగా పట్టుకున్నాను. అది మరింత ఏడ్చింది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మా ఆడపడుచు పసుపూ సున్నం తెచ్చి వాళ్ల ముందే కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పెద్ద పోలీసు వాసన చూసి నవ్వాడు. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. పళ్లెం అతని చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"ఎర్రగా బుర్రగా ఉన్నాడు పాపం, ఎందరి కళ్లు పడ్డాయో!"



వాళ్లు వెళ్లాక తలుపు వేశాను. ఆవిడ పాపను అందుకుంది.

"చూశావా? దిష్టి తీయబట్టే గండం గడిచింది."

ఆ గండం తెచ్చింది ఎవరో చెప్పాలని నోరు తెరిచాను. పాప అప్పటికే ఆవిడ భుజం మీద నిద్రపోయింది.