శుక్రవారం మనియార్డరు

మొన్న నందిగామలో కొత్తిమీర కట్ట కొని ఫోన్లో పది రూపాయలు పంపితే, బండి మీద వంకాయల మధ్య కూర్చోబెట్టిన చిన్న పెట్టె ఒకటి ఆడగొంతుతో, బజారంతా వినపడేట్టు, పది రూపాయలు అందినవి అని ప్రకటించింది. పంపింది నేను, పుచ్చుకున్నవాడు నా ఎదురుగానే ఉన్నాడు, అందిన సంగతి మా ఇద్దరికీ తెలుసు, అయినా చాటింపు వేసింది. నాకు నవ్వూ ఒళ్ళుమంటా ఒకేసారి వచ్చాయి. ఇలాంటి పెట్టె పాతికేళ్ళ కిందట ఆ జైలు ఆఫీసులో ఒకటి ఉండి ఉంటే, మా అత్తగారూ నేనూ ఒకరినొకరం అంత శ్రద్ధగా ద్వేషించుకునే పని తప్పేది. పూర్తిగా కాదనుకోండి, ఒక నాలుగు నెలల మేరకు.

జైలు అనగానే మన తరం వాళ్ళకి మన తాతలూ, వాళ్ళ ఖద్దరు చొక్కాలూ గుర్తొస్తాయి. మా ఆయన వెళ్ళింది దేశం కోసం కాదు. జగ్గయ్యపేటలో మాకు పురుగుమందుల కొట్టు ఉండేది. తొంభైల చివర్లో, పత్తికి పట్టిన పురుగు ఏ మందుకీ చావక, ఏ డబ్బా చూపించినా రైతు నమ్మి కొనుక్కుపోయే రోజుల్లో, మా ఆయన కొట్టు వెనక గదిలో కూర్చుని పేరున్న లేబుళ్ళని పేరులేని నీళ్ళకి అంటించి అమ్మాడు. వీరులపాడు వైపు ఆ ఏడు పురుగులు సుఖంగా బతికాయి, మనుషులకే కొంచెం ఇబ్బందయింది. కేసు నడిచింది, రెండేళ్ళు పడింది. నిర్దోషిని ఇరికించారని చెప్పుకునే సౌకర్యం కూడా మాకు లేకపోయింది, ఎందుకంటే లేబుళ్ళ కట్ట పోలీసులకి దొరికింది మా వంటింట్లో, బియ్యం డబ్బా వెనక. ఆ డబ్బాలోంచి రోజూ బియ్యం తీసేది నేనే. ఆ తర్వాత చాలా రోజులు ఆ వంటింట్లోకి వెళ్తే నాకు అన్నం వండాలనిపించేది కాదు.

ఆయన్ని తీసుకెళ్ళిన వారంలో రైతులు వచ్చి మూసిన కొట్టు మెట్ల మీద కూర్చున్నారు. అరిచి ఉంటే బాగుండేది, కానీ ఊరికే కూర్చున్నారు. ఒకామె మాత్రం ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి మా గడప మీద పెట్టి, దాని పక్కనే కూలబడింది. అప్పుడు మా అత్తగారు లోపల్నించి వచ్చి, మెళ్ళో గొలుసు తీసి ఆ డబ్బా మీద పెట్టి, నలుగురూ వినేట్టుగా, “మీకు చెల్లాల్సింది చెల్లేదాకా ఈ ఇంట్లోంచి వాడికి పైసా పోదు. పోతే లక్ష్మీదేవి మీద ఒట్టే. వాడు నాకు లేడు,” అంది. అని నా వైపు తిరిగి, “నీకూ అదే మాట,” అంది. నేను అభ్యంతరం చెప్పలేదు. మా కాపురంలో ఆవిడా నేనూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి సందర్భం అది.

మిగతా అన్ని విషయాల్లోనూ మేము శత్రువులమే. కొడుకు ఇలా తయారవడానికి కారణం నేను అడుగుపెట్టిన వేళావిశేషమని ఆవిడ, ఆవిడ పెంపకమని నేను. ఇద్దరం రోజుకొకసారి, కుదిరితే రెండుసార్లు, ఎదటివాళ్ళకి ఈ సంగతి గుర్తుచేసేవాళ్ళం. బియ్యే చదివిన కోడలు ఎదురు మాట్లాడుతుందని ఆవిడ వీధిలో చెప్పేది. ఆ మాటకి మాత్రం నేను బదులు చెప్పేదాన్ని కాదు, ఊరికే నవ్వేదాన్ని, అదే ఆవిడకి ఎక్కువ మండేది. నాలుగేళ్ళ కూతురు మా ఇద్దరి మధ్యా, రెండు దేశాల సరిహద్దు మీద ఊరిలాగా, ఎవరు అన్నం పెడితే వాళ్ళ పక్షాన ఉండేది.

కొట్టు మూతపడటంతో నేను నందిగామలో ఒక ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరి, పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రానికి వచ్చేదాన్ని. అలా పోతూ వస్తూ ఉండగా ఒకరోజు, మా కేసు చూసిన ప్లీడరు గారి గుమస్తా బస్సులో పక్కన కూర్చుని, అడక్కుండానే, జైల్లో సబ్బు ముక్క దగ్గర్నుంచీ టీ దాకా అన్నీ సొంత డబ్బుతోనే కొనుక్కోవాలనీ, ఇంటి నుంచి డబ్బు రానివాళ్ళు వచ్చేవాళ్ళ బట్టలు ఉతికి బతుకుతారనీ చెప్పాడు. మా ఆయన తన బనీను తనే పిండుకోలేని మనిషి. ఇంకొకరి బనీను పిండుతున్నాడన్న ఊహ నాకు మొదట చాలా తృప్తినిచ్చింది. మూడో రోజుకి ఆ తృప్తి అరిగిపోయింది. నాలుగో రోజు జీతం రాగానే, నందిగామ పోస్టాఫీసులో రెండు వందలు మనియార్డరు కట్టాను. ప్రేమ అనే మాట మా ఇళ్ళల్లో వాడకం తక్కువ కాబట్టి దాన్ని ఇక్కడికి లాగొద్దు. పంపినవాళ్ళ అడ్రసు దగ్గర ఇల్లు కాకుండా బడి పేరు రాశాను.

పది రోజుల్లో అందినట్టు రసీదు బడికే వచ్చింది, జైలు ముద్రతో. సరిగ్గా ఆ వారంలోనే మా అత్తగారు ఏ కారణం లేకుండా నా మీద విరుచుకుపడి, పప్పు ఉడకలేదనీ, పిల్ల జడ వంకరనీ, చివరికి నా చెప్పుల చప్పుడు కూడా అపశకునమనీ తిట్టింది. ఆవిడకి కారణాలు అవసరం లేదు కాబట్టి నేను ఆరా తీయలేదు. అప్పట్నుంచే ఆవిడకి నెలకోసారి పంటినొప్పి కూడా మొదలైంది, నందిగామలో డాక్టరుకి చూపించుకోవాలని నేను బడికి పోయాక బస్సెక్కి వచ్చేదట. ఆవిడకి అప్పటికి ఉన్నవి ఐదు పళ్ళు.

రెండో నెల నా మనియార్డరు తిరిగొచ్చింది. బడి అటెండరు దాన్ని స్టాఫ్ రూములోకి, పెళ్ళి శుభలేఖ పట్టుకొచ్చినట్టు అందరికీ చూపిస్తూ పట్టుకొచ్చాడు. దాని మీద ఎర్రసిరాతో, పుచ్చుకోలేదని ఒక్క ముక్క. ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో ఉండదు. మా ఆయనే వద్దన్నాడని అనుకున్నాను, మరొకరు అనుకోవడానికి అవకాశం ఎక్కడిది? మూడో నెలా అంతే. దొంగ మందు అమ్మి జైల్లో కూర్చున్న మనిషికి నా జీతం డబ్బు పనికిరాలేదంటే, నా వైపు తప్పేమిటో వెతుక్కోవడం మొదలుపెట్టాను. పోలీసులు వచ్చిన రోజు నేను ఏడవలేదు, అదా? కోర్టుకి పోలేదు, అదా? చివరికి వెతకడం మానేసి కోపానికి దిగాను, అది నాకు బాగా వచ్చిన పని. ఇంకొక్కసారి పంపుతా, అదీ తిరిగొస్తే పిల్లని తీసుకుని పరిటాలలో మా పుట్టింటికి పోతా, మళ్ళీ జగ్గయ్యపేట మొహం చూడను అని నిశ్చయించుకుని, పెట్టె కూడా సర్ది మంచం కిందకి తోశాను.

నాలుగో నెల జీతం శుక్రవారం వచ్చింది. మధ్యాన్నం బెల్లు కొట్టగానే పోస్టాఫీసుకి పోయాను. అక్కడ నన్ను చూస్తే చాలు, రాయడం రానివాళ్ళు ఫారాలు పట్టుకుని చుట్టూ చేరేవాళ్ళు. టీచరు అనేది మొహం మీద రాసి ఉంటుందేమో. ఆ రోజు కూడా బల్ల మీద తల వంచి ఒకరి తర్వాత ఒకరికి రాస్తూ ఉంటే, ఒక ముసలి చెయ్యి నా ముందుకి ఫారం తోసింది. ఎవరికమ్మా అని తలెత్తకుండానే అడిగాను. ఆ చేతి మనిషి ముందు అంకె చెప్పింది, ఖైదీ నంబరు నాలుగువేల రెండు వందల పదిహేడు అని, ఎక్కం అప్పజెప్పినట్టు. ఆ నంబరు ఈ భూమ్మీద నాకొక్కదానికే కంఠతా వచ్చుననుకున్నాను. పేరు ఆవిడ చెప్పేలోపే నేను రాసేశాను.

తలెత్తాను. మా అత్తగారు కాసేపు నా వైపు, కాసేపు నా చేతికింద ఉన్న నా ఫారం వైపు చూసి, ఏమీ జరగనట్టు, “ఇవాళ బడి లేదా నీకు?” అంది.

“ఉందండి. మీ పన్ను ఎలా ఉంది?” అన్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మంగళ, శుక్రవారాల్లో గడప దాటి రూపాయి బయటికి పోకూడదు. లక్ష్మి ఇల్లు వదిలిపోతుందని మా అత్తగారు ఆ రోజుల్లో పాలవాడికి కూడా డబ్బులిచ్చేది కాదు. జ్వరంతో పిల్ల మూలుగుతుంటే మందుల చీటీ పట్టుకుని శనివారం తెల్లారేదాకా నన్ను కూర్చోబెట్టిన మనిషి, శుక్రవారం నాడు, ఇరవై ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చి, తను పెట్టుకున్న ఒట్టునీ లక్ష్మీదేవినీ కూడా పక్కనపెట్టి, వరసలో నిలబడింది. ఎందుకని అడిగితే, నా వైపు చూడకుండా చెప్పింది. మొదటి నెల శుక్రవారమని ఆగి, తర్వాత అమావాస్య అని ఆగి, ఆలస్యంగా పంపితే తిరిగొచ్చిందట. అమ్మ ఆలస్యం చేసిందని వాడు అలిగాడని ఆవిడ తీర్మానం. జగ్గయ్యపేటలో తిరుగు డబ్బు తెచ్చిన పోస్టుమేన్ వెకిలిగా నవ్వాడని అప్పట్నుంచి నందిగామ వస్తోంది.

కౌంటరు అవతల ఉన్న గుమస్తా మా రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, మా ఇద్దరి మీదా ఒకేసారి విసుక్కున్నాడు. “ఒక ఖైదీకి నెలకి ఇంతేనని ఉంటది మామ్మగారూ. ముందొచ్చింది ఉంచుకుని రెండోది తిప్పికొడతారు. ఇద్దరూ కూడబలుక్కుని పంపొచ్చుగా?”

కూడబలుక్కోవడం అనేది మా ఇంట్లో ఎవరికీ తట్టని ఆలోచన. నాలుగు నెలలుగా మేమిద్దరం ఒకరి డబ్బుని ఒకరం వెనక్కి తరుముతున్నాం, దానికి ఆయన్నీ, దేవుణ్నీ, పంచాంగాన్నీ తిట్టుకుంటున్నాం. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. చెరో వందా వేసి ఒకే ఫారం రాద్దామని నేనే అన్నాను. పంపేవాళ్ళ పేరు దగ్గర కలం ఆగింది.

“నీ పేరే రాయి,” అంది. “ఒట్టు పెట్టుకుంది నేను.”

కింద నాలుగు ముక్కలు రాసుకునే జాగా ఉంటుంది, అందులో మీరు కూడా వేశారని రాయనా అని అడిగాను.

“వాడు చేసిన పనికి డబ్బే దండగ, మళ్ళీ మాటలు కూడానా? ఖాళీగా వదిలెయ్.”

వదిలేశాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ ముందు బస్సులో, నేను బడి అయ్యాక మరో బస్సులో. ఇంటికొచ్చి మంచం కింద పెట్టె లాగి బట్టలు తీసి సర్దుకుంటుంటే, అన్నేసి చీరలు ఎక్కడికి బయల్దేరాయే అని అడిగింది. ఉతకడానికన్నాను. ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ప్రతి నెలా నా టిఫిన్ డబ్బా మూత కింద మడతపెట్టిన వంద నోటు ఉండేది, పెరుగన్నం వాసనతో. ఆ నోటు గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. మిగతా పోట్లాటలన్నీ ఏ లోటూ లేకుండా సాగాయి.

ఆయన తిరిగొచ్చి మందుల జోలికి పోకుండా కిరాణా పెట్టుకున్నాడు. తల్లితో మాత్రం ముక్తసరిగా ఉండేవాడు, కంచం ముందు పెడితే తినడం, పిలిస్తే పలకడం, అంతే. అందరి ముందూ నువ్వు నాకు లేవన్న తల్లి కదా, దక్కాల్సిందే దక్కిందని నేను లోపల్లోపల సంబరపడ్డాను కూడా. ఆవిడ ఏమీ అనేది కాదు. అలా ఏడెనిమిదేళ్ళు.

ఆవిడ పోయిన పదకొండో రోజున, చుట్టాలు వెళ్ళాక, అరుగు మీద కూర్చుని ఆయన మొదటిసారి జైలు మాట ఎత్తాడు. మొదట్లో రెండు మనియార్డర్లు వచ్చేవనీ, ఏది ఉంచాలని అక్కడి గుమస్తా అడిగితే ముందొచ్చింది ఉంచమన్నాననీ చెప్పాడు. రెండేళ్ళు ఒక్క ముక్క రాయలేదేమని అడిగితే, “రాస్తే ఇద్దర్లో ఎవరో ఒకరు మానేస్తారుగా,” అన్నాడు. ఆ మాట విని నాతో సమానంగా మండిపడగల ఒకే ఒక్క మనిషి పదకొండు రోజుల కిందటే వెళ్ళిపోయింది.

నేను నోరు తెరిచేలోపే ఆయన ఇంకో మాట అన్నాడు. “అయినా అమ్మ మూడు నెల్లకే మానేసిందిలే. చివరిదాకా పంపింది నువ్వే.”

ఆ మెప్పు ఉంచేసుకుందామని నాకు ఒక క్షణం అనిపించింది. ఆయన నన్ను మెచ్చుకోవడం అంత తరచుగా జరిగే పని కాదు. తర్వాత నందిగామ పోస్టాఫీసు సంగతి మొత్తం చెప్పాను, పన్ను దగ్గర్నుంచి పెరుగన్నం నోట్ల దాకా. ఆయన అన్నీ విని ఒక్కటే అడిగాడు.

“శుక్రవారమా?”

అవునన్నాను. అంతే, లేచి కొట్టు వైపు పోయాడు. ఆ రోజు కొట్టు తెరవలేదు, లోపల కూర్చున్నాడు.

ఇప్పుడు మనియార్డరూ లేదు, ఎర్రసిరా లేదు, బల్ల దగ్గర నా ముందుకి ఫారం తోసే చేతులూ లేవు. డబ్బు ఒక్క క్షణంలో పోతుంది, పోయినట్టు పెట్టె అరుస్తుంది, తిరిగి రావడమన్నదే లేదు. తిరిగొచ్చింది కాబట్టే ఆ రోజు మేమిద్దరం ఒక కిటికీ ముందుకి చేరాం. ఈ పెట్టె ఉండి ఉంటే ఎవరి గదిలో వాళ్ళం పంపుకుని, ఆవిడ పంపిందని నాకు తెలియకుండానే ఆవిడ పోయేది.

నాకు ఇలాంటి పట్టింపులు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అయినా శుక్రవారం నాడు మాత్రం ఫోన్లో రూపాయి పంపను. రేపిస్తానంటే కొత్తిమీర అబ్బాయి, సిగ్నల్ లేదా అమ్మా అంటాడు. లేదు నాయనా అంటాను.