పేరొక్కటే చెప్పు

పోయిన నెల ఒక ఉదయం పెదనాన్న ఫోన్ చేశారు. ఆయన మామూలుగా ఫోన్ చేయరు. కొండపల్లి థర్మల్ ప్లాంటులో యంత్రాల హోరు మధ్య పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాటలన్నీ పెద్దమ్మకే వదిలేశారు. "మీ పెద్దమ్మ వెళ్ళిపోయిందమ్మా," అన్నారు. కాస్త ఆగి, "నిద్రలోనే," అని పెట్టేశారు.

అప్పటికి నా కంప్యూటర్ తెర మీద, నేను రాస్తున్న ప్రోగ్రాంలో ఒక మెథడ్ సగం పేరుతో ఉంది. మిగతా సగం పెద్దమ్మనే అడుగుదామని, ఆవిడ కాఫీ తాగే వేళ కోసం చూస్తున్నాను.

ఇలాంటివి బరువుగా రాయాలని తెలుసు. కానీ పెద్దమ్మను తలుచుకుంటే నాకు ఇప్పటికీ హుషారే వస్తుంది, ఏం చేయను! పేర్లు పెట్టడమనే పనిలో ఇంత సరదా ఉందని, కంప్యూటర్ ముట్టుకోని ఆ మనిషే నాకు చూపించింది.

నా పనేమిటో చెప్పాలి. బట్టల కొట్లలో ఏ సరుకు ఎంతుందో చూసుకునేందుకు పనికొచ్చే ఒక లైబ్రరీ తయారుచేస్తాను. పుస్తకాలది కాదు, పనిముట్ల పెట్టె లాంటిది. వేరే ప్రోగ్రామర్లు దాన్ని తెచ్చుకుని, అందులోని ఒక్కో పనినీ పేరుతో పిలిచి చేయించుకుంటారు. ఆ పనినే మెథడ్ అంటాం. లోపల నేనేం రాశానో వాళ్ళు చూడరు, చూడనక్కర్లేదు. వాళ్ళకు కనిపించేది పేరు, అంతే.

పెద్దమ్మ కొండపల్లి నుంచి రోజూ రైల్లో బెజవాడ వచ్చి, వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల గోడౌన్‌లో ముప్ఫై ఏళ్ళు ఫోన్ దగ్గర కూర్చుంది. ఊళ్ళ నుంచి కొట్లవాళ్ళు ఫోన్ చేస్తే, రిసీవర్ చెవికి ఆనించుకుని ఉండగానే నిచ్చెన మీది మనిషికి కేకేసేది. ఆవిడ దగ్గర ఉన్నవి మూడే కేకలు. "చూడు" అంటే కట్టలెన్ని ఉన్నాయో చూసి చెప్పడమే. చెయ్యి నిచ్చెన వదలకూడదు. "పక్కన పెట్టు" అంటే దింపి, అడిగిన కొట్టు పేరు చీటీ మీద రాసి గుచ్చి బల్ల మీద పెట్టాలి. "కట్టెయ్" అంటే పురికొస బిగించి బండెక్కించడమే. ఒక్క కేకకి రెండు పనులు చేసినవాణ్ణి, ఎంత చురుకైనవాడైనా సరే, నిచ్చెన దింపేసేది. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ కూర్చుని ఆ కేకలకు పడీపడీ నవ్వేదాన్ని. పెద్దయ్యాక అవే నాకు అన్నం పెడతాయని ఎవరనుకున్నారు!

నా లైబ్రరీ మొదటి వెర్షన్‌లో "చెక్ స్టాక్" అనే మెథడ్ ఉండేది. చీరలెన్ని ఉన్నాయో చెప్పేది. దాంతోపాటు, అడిగినవాళ్ళ కోసం వాటిని అరగంట పక్కన పెట్టేసేది కూడా. ఒకే చీర కోసం రెండు కొట్లు పోట్లాడుకోకూడదని నేను చేసిన ఏర్పాటు అది. నా తెలివికి నేనే ఎంత మురిసిపోయానో!

పామర్రు వైపు ఒక చేనేత సంఘంలో పనిచేసే ప్రోగ్రామర్ అమ్మాయి నా లైబ్రరీ తెచ్చుకుంది. గోడకి తెర పెట్టి, ఉన్న చీరలన్నీ పది నిమిషాలకోసారి లెక్కపెట్టి కనిపించేలా చేసింది. ఊరికే చూడటమేగా అనుకుంది. శ్రావణమాసం ముందు కొట్లవాళ్ళు ఆర్డర్ పెట్టబోతే, ప్రతి చీరకూ "లేదు" అనే జవాబొచ్చింది. ఆ తెరే చీరలన్నిటినీ మళ్ళీమళ్ళీ పక్కన పెట్టేసుకుంటోంది మరి. గది నిండా చీరలు, గుమ్మంలో నేసినవాళ్ళు. రెండు రోజులు ఒక్క కట్ట కదల్లేదు. సంఘంవాళ్ళు ఆ అమ్మాయిని ఇక పనిలోకి రావద్దన్నారు.

ఏడుస్తూ ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. నేను కొండపల్లి వెళ్ళి పెద్దమ్మ ముందు కూర్చున్నాను. "అరగంట పక్కన పెడుతుందని నేను లైబ్రరీతో పాటిచ్చిన వివరాల్లో రాశాను పెద్దమ్మా. ఆ అమ్మాయే చదువుకోలేదు."

పెద్దమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"ఆ పిల్ల చూడమనే గదా పిలిచింది?"

"ఆఁ."

"నువ్వేమో తీసి పక్కన పెట్టావు."

"అది కాదు పెద్దమ్మా..."

"మరి ఆ పిల్లని పొమ్మంటారేంటే? నిచ్చెన మీదున్నది నువ్వు గదా!"

మర్నాడు ఇద్దరం బెజవాడలో పామర్రు బస్సెక్కాం. సంఘం పెద్దల ముందు తప్పు నాదేనని చెప్పడానికి నేను నీళ్ళు నములుతుంటే పెద్దమ్మ అందుకుంది. "పేరొకటి పెట్టి పని ఇంకోటి చేసింది మా అమ్మాయండీ. మీ అమ్మాయి ఆ పేరు నమ్మింది, అంతే. నమ్మినందుకు పనిలోంచి తీసేస్తే ఎట్టాగండీ?" వాళ్ళు లోపలికెళ్ళి మాట్లాడుకుని వచ్చి, వారంలో సరిచేస్తే అమ్మాయి ఉండొచ్చన్నారు. నాలుగు రోజుల్లో చేశాను. చూడటం ఒక మెథడ్, పక్కన పెట్టడం ఇంకో మెథడ్. ఆ అమ్మాయి ఇవాళ్టికీ అక్కడే పనిచేస్తోంది.

అలా విడదీస్తే పాత పద్ధతికి అలవాటుపడ్డ ప్రోగ్రామర్లు తిడతారని ముందు పెద్దమ్మ దగ్గర గొణిగాను. "తిట్టనీవే. ఒక్కసారి తిట్టి ఊరుకుంటారు. అది అట్టాగే ఉంచావనుకో, రోజూ మోసపోతారు," అంది.

అప్పటినుంచి నా ప్రతి పేరుకూ ఫోన్‌లో పరీక్షే. "పెద్దమ్మా, ఒకటుంది" అనగానే, "వివరాలొద్దు. పేరొక్కటే చెప్పు," అనేది. అది ఏం చేస్తుందో ఆవిడ చెప్పాలి. సరిగ్గా చెప్పిందా, పుస్తకంలో రాసుకుని పేరుకు ఎడమ పక్కన టిక్కు పెట్టేది. తప్పు చెప్పిందా, మార్చుకోవాల్సింది నేను. "ప్రాసెస్ ఐటమ్స్" అంటే, "ఏదో చేస్తానంటావు, ఏం చేస్తావో చెప్పవు. పని ఎగ్గొట్టేవాడి మాటలాగుంది," అంది. "రిమూవ్ శారీ" అంటే, "తీసి? ఎక్కడ పెడతావు?" అంది. నేనే తేల్చుకోలేదని అప్పుడు తెలిసింది! పేరు కుదరటం లేదంటే పనే ఇంకా కుదరలేదనేది ఆవిడ లెక్క. కుదిరిన రోజు మాత్రం "అదీ!" అని అరిచేది. ఇక్కడ నేను కుర్చీలోంచి ఎగిరి గంతేసేదాన్ని. నలభై దగ్గరపడ్డ మనిషిని, ఏం చెప్పను!

సగంలో ఆగిన ఆ పేరు పెద్దకర్మ అయిన వారానికి బస్సులో ఉండగా తట్టింది. పక్కన పెట్టాక ఎవరూ తీసుకెళ్ళని చీరలను ఏం చేయాలో చెప్పే మెథడ్ అది. తట్టిందన్న సంబరంలో చెయ్యి అలవాటుగా పెద్దమ్మ నంబరు నొక్కేసింది. రెండుసార్లు మోగాక గుర్తొచ్చింది. కట్ చేసేలోపు అవతల ఎత్తారు. పెదనాన్న.

నేను పలికేలోపే ఆయనే అడిగారు. "ఏదన్నా పేరుందా?"

"ఉంది పెదనాన్నా. అది..."

"వివరాలొద్దమ్మా. పేరొక్కటే చెప్పు."

"పుట్ బ్యాక్ ఆన్ షెల్ఫ్," అన్నాను.

ఆయన ఆ పేరు ఒక్కో మాటగా పలికి చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఎవరూ రాలేదు గాబట్టి, చీటీ తీసేసి మళ్ళీ అరలో పెడుతుంది. అంతేనా?" అన్నారు.

"అంతే పెదనాన్నా."

"ఉండు." సొరుగు లాగిన చప్పుడు, కాగితాలు తిప్పిన చప్పుడు, పెన్ను మూత ఊడిన చప్పుడు వినిపించాయి. "టిక్కు ఎడమ పక్కనే గదా పెట్టేది ఆవిడ?"