ఆయన అకౌంట్‌లో నా జీతం

నా బ్యాంకు అకౌంట్ ఆగిపోయిన సంగతి ముందుగా బయటపడింది నానక్‌రామ్‌గూడలో కొబ్బరిబోండాల బండి దగ్గర. బోండాం తాగేసి స్కాన్ చేశాను. డబ్బు పోలేదు. మళ్లీ చేశాను. పోలేదు. "సిగ్నల్ లేదేమో, జర ఆగి చూడు మేడం" అన్నాడు బండాయన, నా పరువు కాపాడదామని. సిగ్నల్ నిక్షేపంగా ఉంది.

మర్నాడు బ్యాంకులో టోకెన్ తీసుకుని కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. కొన్నాళ్ల కిందట ఏటీఎం బయట ఒకాయన నన్ను ఆపాడు. కిరాయికి ఓనర్ నోట్లే అడుగుతున్నాడని, తన కార్డు మిషన్ తీసుకోవట్లేదని, నేను ఐదు వేలు చేతికిస్తే అక్కడికక్కడే నా ఫోన్‌కు పంపుతానని అన్నాడు. మా ఆఫీసుల వైపు ఇది రోజూ జరిగేదే. నోట్లున్నవాళ్లు లేనివాళ్లకు ఇస్తారు, వాళ్లు స్కాన్ చేస్తారు. పైగా ఆయన మెడలో ఐడీ కార్డు ఉంది. మా వైపు మెడలో కార్డు వేలాడితే చాలు, వాడి జాతకం చూసినంత నమ్మకం. ఇచ్చాను. ఆ ఐదు వేలు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి కొట్టేసిన డబ్బట. వాళ్లు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు నడిచిన ప్రతి అకౌంట్‌నూ ఆపేశారు. లోపలికి ఎంతైనా రావచ్చు, బయటికి పైసా పోదు. అక్కడి పోలీసుల దగ్గర్నుంచి ఉత్తరం వస్తే తప్ప తామేమీ చేయలేమని కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

ఆ అకౌంట్‌లో నా స్కూటీ డబ్బులున్నాయి. కోకాపేటలో ఒక పెద్ద బిల్డింగ్ హెల్ప్‌డెస్క్‌లో నా ఉద్యోగం. మా ఆయనది బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్. బైకు ఆయన తీసుకెళ్తే నేను షేర్ ఆటోలో ఎవరి ఒళ్లోనో సగం కూర్చుని వెళ్లేదాన్ని. ఒక్కరి దయ లేకుండా ఇంటి నుంచి బయల్దేరి ఇంటికి రావాలని, చీరలు మానుకుని, బయట తిండి మానుకుని దాచిన డబ్బు అది. ఫోన్‌లో బ్యాలెన్స్ స్పష్టంగా కనబడేది, మిఠాయి కొట్టు అద్దంలో లడ్డూల్లాగా.

జీతం మరి ఎక్కడ వేయించుకోవాలి? కొత్త అకౌంట్ తెరుద్దామని ఇంకో బ్యాంకుకు పోతే ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయని తిప్పి పంపారు. రెండూ నా పేర్లేనని చెప్పినా కంప్యూటర్ ఒప్పుకోదట. దాన్ని సరిచేయించడానికి తిరుగుతుండగానే జీతాల రోజు దగ్గరపడింది. నన్ను పనిలో పెట్టిన ఏజెన్సీ వాళ్లు, ఒక కాగితం రాసిస్తే ఇంట్లోవాళ్ల అకౌంట్‌లో వేస్తామన్నారు. మా ఆయన వెంటనే పాస్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి రెండు నెలలే కదా అనుకున్నాం. నెలలు గడిచినా పోలీసుల ఉత్తరమూ రాలేదు, నా ఇంటిపేర్లూ కలవలేదు.

ఆయన మంచివాడు. తాగడు, తిట్టడు, కూరలో ఉప్పు లేదని ఒక్కనాడూ అనలేదు. అందుకే నా బాధ ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయింది. నాకు డబ్బు కావాలని అడిగితే మా అనంతపురం మాటలో "ఏమిటికి?" అనేవాడు. అనుమానం కాదు, అలవాటు. పాలవాడు రేపు రానన్నా అదే మాట అడుగుతాడు. కానీ నేను జవాబు చెప్పాలి కదా. జాకెట్టు కుట్టు కూలికి. ఆఫీసులో ఎవరిదో పెళ్లి కానుకకు. ఆడవాళ్ల సామానుకు. సాయంత్రం ఆటో దిగి మిరపకాయ బజ్జీ తినాలనిపిస్తే, దానికి కారణం ఏం చెప్పను? ఆకలైందనా? మెల్లగా బజ్జీలు తినడమే మానేశాను. ఇల్లు మాత్రం చక్కగా నడిచింది. కిరాయి, కరెంటు, గ్యాసు, అన్నీ ఆయన ఫోన్ నుంచే పోయేవి. ఒక్క బిల్లూ ఆలస్యం కాలేదు. అది ఇంకా ఒళ్లు మండే సంగతి.

దుకాణాల దగ్గర మా పద్ధతి ఏమిటంటే, నేను స్కానర్ ఫొటో తీసి ఆయనకు పంపాలి. ఆయన చూసి కట్టాలి. వర్క్‌షాప్‌లో మిషన్ మోతకు ఆయనకు ఫోన్ వినబడదు. కౌంటర్ మీద బియ్యం, సబ్బులు, నేను, వెనక క్యూ. దుకాణం ఆమె నా సామాను పక్కకు జరిపి తర్వాతి మనిషిని పిలిచేది. జీతం సంపాదించే ఆడదాన్ని, పేరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చోమన్న పిల్లలాగా నిలబడేదాన్ని. సిగ్గుతో చెవులు వేడెక్కేవి. ఆయన మీద కోపం రాకపోగా, కోపం రావట్లేదని నా మీద నాకే కోపం వచ్చేది.

ఒక ఆదివారం ఆయన బైకు మీద శంకర్‌పల్లి దాటించి తీసుకెళ్లాడు. రంగు జెండాలు పాతిన ఖాళీ నేల, వరసగా హద్దురాళ్లు. ఒక రాయి మీద కాలు పెట్టి, ఇది మనదేనన్నాడు. బ్యాంకు లోన్ తీసుకుని కొన్నాడట, నన్ను ఆశ్చర్యపరుద్దామని అప్పటిదాకా దాచాడట. లోన్ ఎలా వచ్చిందని అడిగాను.

"ఇద్దరి జీతాలు ఒక్క అకౌంట్‌లో పడ్తాండబట్టే ఇచ్చినారు. లేకుంటే నా ఒక్కని మొహం చూసి ఎవురిస్తారు?"

ఎవరి పేరున ఉందని అడిగాను. నా కార్డుల్లో ఇంటిపేర్లు కలవవు కాబట్టి రిజిస్ట్రేషన్‌కు అడ్డమని తన పేరున పెట్టించాడట. తర్వాతిది నా పేరున కొందామన్నాడు. ఆయన కళ్లల్లో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. నేనూ నవ్వాను. లోపల మాత్రం, ఆ నేలలో నన్నే పాతినట్టు ఊపిరాడలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే, నేను ఆశ వదులుకున్నాక, పోలీసుల ఉత్తరం అందిందని, ఆగిన నా అకౌంట్ మళ్లీ తెరిచారని మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి అన్నం తింటూ, వచ్చే నెల నుంచి జీతం నా అకౌంట్‌కు మార్పించుకుంటానని చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది. ప్రతి నెలా మొదటి వారంలోనే వాయిదా తన అకౌంట్‌లో కోసేస్తారని, నా జీతం పడకపోతే అది బౌన్స్ అవుతుందని నెమ్మదిగా వివరించాడు. వాయిదా రోజుకు నేనే పంపుతానన్నాను. డబ్బు అటు పోయి ఇటు రావడం దేనికని, ఒక్కరోజు మరిచిపోతే ఇద్దరం ఇరుక్కుంటామని అన్నాడు.

"అది నా జీతం" అన్నాను.

"నేను కాదంటినా?" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

అంతే, జీతం ఆయన అకౌంట్‌లోనే పడేట్టు ఉండిపోయింది. లోన్ ఎన్నేళ్లని అడిగితే, చాలా ఏళ్లే, అయినా మనకు తెలియకుండా గడిచిపోతాయన్నాడు.

మర్నాడు సగం పూట సెలవు పెట్టి స్కూటీ కొన్నాను. బండికి ఆధార్ ఒక్కటి చాలన్నారు, నా పేరునే రాశారు. ఇన్సూరెన్సు, హెల్మెట్ అన్నీ కలిపేసరికి దాచిన డబ్బు ఊడ్చినట్టు అయిపోయింది. ఆయన కోపగించుకోలేదు. రంగు బాగుందని తనే నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. నాలుగు రోజులు గాలి మొహాన కొడుతుంటే ఒక్కదాన్నే పోయి ఒక్కదాన్నే వచ్చాను. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

ఐదో రోజు కోకాపేట దగ్గర బంకులో పెట్రోలు పోయించుకున్నాను. స్కానర్ ఫొటో తీసి ఆయనకు పంపాను. వెనక బండ్లవాళ్లు హారన్ కొడుతుంటే స్కూటీని పక్కకు తోసుకుని, ఆయన కట్టేదాకా నిలబడ్డాను.