ఢిల్లీ మూరెడు దూరం

దెయ్యం అనే మాట వినిపిస్తే లేచి పక్కకు వెళ్ళిపోయే మనిషిని నేను. చీరాలలో చేనేత చీరల వ్యాపారం నాది. బట్ట పట్టుకుని చూసి, రంగు నిలుస్తుందో లేదో చెప్పగలను. కంటికి కనిపించని సంగతులు నాకు పట్టవు. అందుకే దీన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఏడాదికి నాలుగైదుసార్లు చీరల ప్రదర్శనలకని గన్నవరం నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్ళేవాణ్ణి. గాలిలో దాదాపు పద్నాలుగు వందల కిలోమీటర్లు, రెండున్నర గంటలు. నా భార్య సరోజకు ఈ లెక్కలు తలకెక్కేవి కావు. నేను సీట్లో కూర్చుని ఫోన్ చేయగానే మగ్గం గుంటలోకి దిగేది. ఢిల్లీలో దిగి మళ్ళీ ఫోన్ చేసేదాకా నేస్తూనే ఉండేది.

"హైదరాబాద్ జానెడు, ఢిల్లీ మూరెడు. అంతే కదండీ దూరం" అనేది, ఆలోగా నేసిన బట్టను కొలిచి.

విమానమంటే ఆమెకు భయం. చేతులు ఆడుతుంటే భయం తెలియదట. నువ్వు నేయకపోతే విమానం ఆగిపోతుందా అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. నా తిరుగు ప్రయాణానికి మాత్రం నేసేది కాదు. పొయ్యి దగ్గర ఉండేది.

నిరుడు వానాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో సరోజ పోయింది. మగ్గానికి కట్టిన పడుగు దారాల మీద ఆఖరి చీర పూర్తికాకుండా అలాగే ఉండిపోయింది. ఆమె తమ్ముడు వెంకటేశు కూడా నేతగాడే. వచ్చి మూరతో కొలిచాడు.

"ఇంకా మూడు మూరలుంది బావా. నేను నేసేస్తాలే" అన్నాడు.

వద్దన్నాను. మగ్గం గదికి తాళం వేసి చెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆరు నెలల తర్వాత మళ్ళీ ఢిల్లీ బయలుదేరాను. సీట్లో కూర్చోగానే అలవాటుకొద్దీ ఆమె నంబరు నొక్కాను. ఎత్తే మనిషి లేదని గుర్తొచ్చి పెట్టేశాను. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ రెండున్నర గంటలూ ఎంతకీ తరగలేదు.

వారానికి ఇల్లు చేరి, ఊడ్చుదామని ఆ గది తాళం తీశాను. నేసిన బట్ట మీద దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ము ఒకచోట ఆగిపోయింది. అక్కడి నుంచి మూరెడు మేర బట్ట శుభ్రంగా, కొత్తగా ఉంది.

అనుమానం ముందు వెంకటేశు మీదికే పోయింది. పిలిపించి గట్టిగా అడిగాను. అతను బట్టను వేళ్ళతో తడిమి చూశాడు.

"నా నేత వదులు బావా. ఈ బిగి అక్కది" అన్నాడు.

మళ్ళీ కొలిచాడు. రెండు మూరలే మిగిలింది. మొదట తప్పు కొలిచామేమో అని సరిపెట్టుకుందామంటే, ఆ దుమ్ము సరిపెట్టుకోనివ్వలేదు. కిటికీ ఊచలు ఊచల్లాగే ఉన్నాయి. తాళంచెవి ఢిల్లీ దాకా నాతోనే వచ్చింది.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, మర్నాడే మళ్ళీ విమానం ఎక్కాలనిపించింది. టికెట్ కోసం ఫోన్ తీశాను కూడా. అప్పుడు తట్టింది. రెండు మూరలంటే రెండు ప్రయాణాలు. ఆ తర్వాత పడుగు అయిపోతుంది.

ఆ మూరెడు ఎవరు నేశారో ఇవాళ్టికీ చెప్పలేను. ఇప్పుడు ఢిల్లీకి రైల్లో వెళుతున్నాను. రోజు పైనే పడుతుంది, నడుము పట్టేస్తుంది. తోటి వ్యాపారులు నన్ను పిసినారి అంటున్నారు.

అననీ. నాకు మిగిలింది రెండు మూరలే.