బంతిపూల జాగా

మొన్న చిక్కడపల్లి మార్కెట్ ముందు బతుకమ్మ పండుగకని రాశులు పోసిన బంతిపూలను చూడగానే, అశోక్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో నాకు అన్నం పెట్టిన పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె నాకు బంధువు కాదు. పోటీ పరీక్షలకోసం ఊళ్ళనుండి వచ్చిన మావంటివారికి మెస్ నడిపేది. ఆమె ఇంటి పక్కన, హిమాయత్‌నగర్‌లో ఉండే ఒక కుటుంబానికి చెందిన ఖాళీ స్థలం ఉండేది. మేము రాకముందెప్పుడో అక్కడి చెత్త ఎత్తించి, రేకుల షెడ్డు వేసి వంట అక్కడికి మార్చిందట. మిగిలిన నేలలో బంతి పెంచేది. ఆ షెడ్డులో పప్పుకు పోపు పడిందంటే, హాస్టల్ పై అంతస్తులో రాజ్యాంగం బట్టీపడుతున్నవాడికి చదివిన అధికరణం మరుపుకు వచ్చేది.

2012లో యజమానురాలి కొడుకు వచ్చి, స్థలం అమ్ముతున్నామని, ఖాళీ చేయమని చెప్పాడు. షెడ్డు పోతే మెస్ సగం పోయినట్టే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నా చదువు ఒకరికి అక్కరకు వస్తున్నదన్న ఉత్సాహంతో ఆమెను నారాయణగూడలో ఒక వకీలు దగ్గరకు తీసుకువెళ్ళాను. పరాయి స్థలాన్ని అనుమతి లేకుండా, అందరికీ తెలిసేలా, తనదిగానే పన్నెండేళ్ళు అనుభవిస్తే యజమాని హక్కు పోతుందని, ఆమె విషయంలో ఆ గడువు దాటిందని ఆయన వివరించి, "ఇది వాళ్ళదని ఎన్నడైనా ఒప్పుకున్నారా?" అని అడిగాడు.

"ఏటేటా ఒప్పుకుంట సారూ. బతుకమ్మకు మొదటి గంప వాళ్ళింటికే తీస్కపోత. 'మీ జాగల పూసినయి అమ్మా' అని ఆ ఇంటి ముసలమ్మ చేతికిస్త."

వకీలు కళ్ళద్దాలు తీశాడు. "ఆ మాట ఇంకెవరైనా విన్నారా?"

"లే. ఆమె ఒక్కతే. పోయినేడు సచ్చిపోయింది."

"అయితే ఇబ్బంది లేదు. అనలేదని చెప్పండి."

పెద్దమ్మ కొంగు సర్దుకొని లేచింది. "నేనేం మస్తు మంచిదాన్ని గాదు సారూ. సాంబార్ల నీళ్ళు పోస్త, ఈ పిల్లగాన్నే అడుగు. గని ఆమె పోయిందని నా మాట గూడ పోయిందంటే ఎట్ల?"

దారిలో నేను ఊరుకోలేదు. "ఒక్క మాటే కదా పెద్దమ్మా!"

"రేపు నువ్వు ఆఫీసరైతవు గద బిడ్డా. గప్పుడు గూడ గిట్లనే అంటవా?"

ఆ కొడుకును ఆమె కోరింది ఒక్కటే, పూలు కోసేదాకా ఆగమని. అతను ఆగాడు. ఆ ఏడు గంప నేనే మోశాను. హిమాయత్‌నగర్ ఇంటి గేటు ముందు, తల్లికి బదులు కొడుకు చేతికి ఇస్తూ, "మీ జాగల పూసినయి బాబూ" అంది పెద్దమ్మ, ఎప్పటి గొంతుతోనే కాబోలు. అతను గంప అందుకొని, ఎక్కడ దించాలో తోచక చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

తరువాత వంట ఆమె ఇంటి వరండాలోకి వచ్చింది. మాలో సగంమందిని రాంనగర్‌లో వేరే మెస్ చూసుకోమంది. మిగిలినవారికి సాంబారు మరింత పలుచనైంది.

ఆ స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది. అది లేచి కూడా పన్నెండేళ్ళు కావస్తున్నది. అయినా అటుగా వెళ్ళినప్పుడల్లా నేను దానిని పెద్దమ్మ జాగా అనే అనుకుంటాను.